గ్రామర్ పుస్తకం చివరి పేజీలు

ఇంగ్లీషు జాతీయాలు నాకు మొదట కనబడింది గ్రామర్ పుస్తకం చిట్టచివర. యాక్టివ్ వాయిసూ పాసివ్ వాయిసూ డైరెక్ట్ స్పీచీ అన్నీ అయిపోయి, ఇక అట్ట తప్ప ఏమీ మిగల్లేదు అనుకునే చోట, సన్నటి అక్షరాల్లో రెండు వరసలుండేవి. ఎడమపక్క జాతీయం, కుడిపక్క అర్థం. 'కిక్ ది బకెట్' అంటే చనిపోవు. 'స్పిల్ ది బీన్స్' అంటే రహస్యం బయటపెట్టు. 'ఎ పీస్ ఆఫ్ కేక్' అంటే చాలా తేలిక పని. అక్కడితో సరి. ఆ మాట ఎవరు ఎవరితో అంటారు, కోపంగానా సరదాగానా, ఉత్తరంలో రాయొచ్చా, పెద్దవాళ్ళ ముందు అనొచ్చా, ఇలాంటి వివరం ఒక్కటుంటే ఒట్టు. పరీక్షలో మాత్రం తప్పకుండా వచ్చేవి, సొంత వాక్యాల్లో ప్రయోగించండి అని. అందరం కూడబలుక్కున్నట్టు ఒకటే రాసేవాళ్ళం: 'ది ఎగ్జామ్ వాజ్ ఎ పీస్ ఆఫ్ కేక్'. ఆ పేపరులో మిగతా జవాబులు ఎంత ఘోరంగా ఉన్నాయో దిద్దేవాళ్ళకు తెలుసు కాబట్టి ఆ వాక్యం చదివి బాగానే నవ్వుకుని ఉంటారు.

ఆ రెండు వరసలూ బట్టీ కొట్టి మర్చిపోయేవాణ్ణేమో, మా ఇంగ్లీషు మాస్టారు లేకపోతే. ఆయన అర్థం చెప్పి ఊరుకునే రకం కాదు. కథ చెప్పాలి, చెప్పడం కూడా కుర్చీలో కూర్చుని కాదు, ఆడి చూపించాలి. 'టర్న్ ఎ బ్లైండ్ ఐ' వచ్చిన రోజు హాజరు పట్టీని గొట్టంలా చుట్టి కుడికంటికి ఆనించుకుని, ఎడమకన్ను గట్టిగా మూసి, కిటికీ వైపు తిరిగి, "ఏదీ? నాకేం జెండా కనబడట్లేదే!" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. తర్వాత చెప్పారు అసలు సంగతి. 1801లో కోపెన్‌హాగన్ దగ్గర సముద్రం మీద యుద్ధం జరుగుతుంటే పై అధికారి వెనక్కి వచ్చేయమని జెండాలతో సైగ చేయించాడు, బ్రిటిష్ నౌకాదళ నాయకుడు నెల్సన్‌కేమో వెనక్కి రావడం ఇష్టం లేదు, ఆయనకు అంతకుముందే ఒక యుద్ధంలో కుడికన్ను చూపు పోయింది, దుర్భిణీ తీసి ఆ కంటికే పెట్టుకుని నాకు సైగ కనబడలేదు పొమ్మన్నాడు. యుద్ధం గెలిచాడు గనక సరిపోయింది, ఓడిపోయి ఉంటే ఆ దుర్భిణీ కథ ఇంకోలా చెప్పుకునేవాళ్ళు. ఆ దుర్భిణీ ముచ్చట తర్వాత ఎవరో అతికించిందే అనే చరిత్రకారులూ ఉన్నారని పెద్దయ్యాక చదివాను. అయినా ఎవరైనా 'బ్లైండ్ ఐ' అనగానే నాకు నెల్సన్ కనబడడు, చుట్టిన హాజరు పట్టీ, దాని అంచున వేలాడే దారం కనబడతాయి. చూసీ చూడనట్టు వదిలేయడం అని మనం అంటాం చూడండి, అది. కాకపోతే ఇంగ్లీషు మాటలో కావాలని చేశాడన్న నేరం కొంచెం గట్టిగా వినిపిస్తుంది, మనదాంట్లో కాస్త జాలి కూడా ఉంది.

'స్టీల్ సమ్‌వన్స్ థండర్' కథ ఇంకా బాగుండేది. జాన్ డెన్నిస్ అని ఒక నాటక రచయిత, 1709లో లండన్‌లో తన నాటకం కోసం ఉరుముల శబ్దం పుట్టించే కొత్త పద్ధతి ఒకటి కనిపెట్టాడట. నాటకం చతికిలబడింది, ఎత్తేశారు. కొన్నాళ్ళకు అదే థియేటర్లో 'మాక్బెత్' వేస్తుంటే చూడ్డానికి వెళ్ళాడు. చూస్తుండగా అతని ఉరుమే ఉరిమింది. లేచి నిలబడి, నా నాటకం ఆడనివ్వరు గానీ నా ఉరుము మాత్రం దొంగిలిస్తారా అని కేకలు పెట్టాడట. మాస్టారు ఈ కథ చెప్తూ బల్ల దబదబా బాదితే పక్క క్లాసు వాళ్ళు తొంగి చూసేవాళ్ళు. మనం కష్టపడి చేసిన దాని పేరు ఇంకొకడు కొట్టేసినప్పుడు, లేదా మనం చెప్పబోయే శుభవార్త మనకంటే ముందు ఇంకెవడో చెప్పేసి చప్పట్లు కొట్టించుకున్నప్పుడు, ఈ మాట. ఆఫీసులో మీటింగులకు వెళ్ళేవాళ్ళకు దీని అర్థం ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

మా క్లాసులో ఒకడుండేవాడు, ఏది నేర్చుకుంటే అది ఆ వారంలోనే వాడేయాలి వాడికి. వాళ్ళ తాతగారు పోతే సెలవు చీటీ రాశాడు, 'మై గ్రాండ్‌ఫాదర్ కిక్డ్ ది బకెట్' అని. స్పెల్లింగులన్నీ కరెక్టు, వ్యాకరణం కరెక్టు, పుస్తకం ప్రకారం అర్థమూ కరెక్టే. మాస్టారు అది చదివి ఒక్క క్షణం ఆగారు. నవ్వలేదు. వాణ్ణి దగ్గరకు పిలిచి భుజం మీద చెయ్యి వేసి, ఆ ముక్క కొట్టేసి పైన 'పాస్డ్ అవే' అని తన పెన్నుతో రాసి, సంతకం పెట్టి పంపేశారు. వాడు తిరిగొచ్చేలోపు ఒక రోజు, వాడి పేరెత్తకుండా, మాకు చెప్పారు: "ఒరేయ్, ఈ పుస్తకంలో మాట బరువు రాయలేదురా. అర్థం ఒకటే రాశాడు." ఆ పీరియడంతా అదే పాఠం. చావు గురించి ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా అంటారు, ఏది శ్మశానం దగ్గర, ఏది రచ్చబండ దగ్గర, ఏది డాక్టరు నోట, ఏది జోకులో.

తెలుగులో మనకు ఇది చెప్పాల్సిన పని లేదు. కాలం చేశారు, పోయారు, కన్నుమూశారు, గుటుక్కుమన్నాడు, టపా కట్టేశాడు, వీటిలో ఏది ఎక్కడ అనాలో ఊహ తెలిసేసరికే తెలిసిపోతుంది, ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. తమాషా ఏమిటంటే ఆ ఇంగ్లీషు బకెట్టు మన నోట్లో పడి బాల్చీ అయింది, 'బాల్చీ తన్నేశాడు' అని మనవాళ్ళు ఎంత తేలిగ్గా అంటారో అక్కడా అంతే తేలిగ్గా అంటారు, ఎదురుగా ఏడుస్తున్న మనిషి ఉంటే ఇక్కడా అనరు అక్కడా అనరు. ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన 1785లో వీధి భాషకు వేసిన నిఘంటువులోనే ఈ బకెట్ ఉంది, అంటే అప్పటికే అది మర్యాదస్తుల మాట కాదన్నమాట. ఆ బకెట్ మన నీళ్ళ బకెట్ కాదని, కోసిన పందిని వేలాడదీసే దూలాన్ని కొన్నిచోట్ల ఆ పేరుతో పిలిచేవారని, కొన ఊపిరితో అది కాళ్ళు తన్నుకునేదని ఒక వాదన ఉంది. నిజమైనా కాకపోయినా, అది విన్నాక ఆ మాట సరదాగా వాడటం నాకు కాస్త తగ్గింది.

ఈ పుట్టుక కథల గురించి ఒక మాట చెప్పాలి. కథ మరీ అచ్చుగుద్దినట్టు అమిరిందంటే నాకు ఇప్పుడు అనుమానమే. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అంటే కుండపోత వాన, ఇది ఎవరైనా చెప్తారు. ఎందుకలా అంటారు అన్నదానికి, ఈమెయిల్ ఫార్వర్డులు కొత్తగా వచ్చిన రోజుల్లో, 1999 ప్రాంతంలో, ఒక పొడుగాటి మెయిల్ ప్రపంచమంతా తిరిగింది. పాతకాలం ఇళ్ళ పైకప్పు గడ్డిలో పిల్లులూ కుక్కలూ పడుకునేవట, వాన పడితే జారి కిందపడేవట. నాకు తెలిసిన వాళ్ళందరూ దాన్ని నాకు పంపారు. అది శుద్ధ అబద్ధం. అసలు కుక్క పైకప్పు ఎక్కి ఎందుకు పడుకుంటుంది, అది కూడా వానలో? రచయిత జొనాథన్ స్విఫ్ట్ 1738లో అచ్చయిన సంభాషణల్లో ఈ మాట ఇదే రూపంలో వాడాడు, అంతకు ముందే పదిహేడో శతాబ్దంలో దీని దగ్గరి చుట్టాలు కనబడతాయి, అంతవరకు ఖాయం. పిల్లులూ కుక్కలే ఎందుకన్నది ఎవరూ తేల్చలేదు. పైగా ఇప్పుడు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు మాటల్లో దీన్ని పెద్దగా వాడరు, 'ఇట్స్ పోరింగ్' అంటారు. మనలాగా చదువుకుని నేర్చుకున్నవాళ్ళమే ఆ పిల్లుల్నీ కుక్కల్నీ ఇంకా పోషిస్తున్నాం.

'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' మీద నాకు వేరే అభిమానం. మాస్టారు దీనికి సాటిగా బోర్డు మీద 'అమావాస్యకో పున్నానికో' అని రాశారు, ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోయాం. ఇంటికెళ్ళి ఆలోచిస్తే లెక్క తేడాగా ఉంది. అమావాస్య అయిన పక్షం రోజులకు పున్నమి వస్తుంది, మళ్ళీ పక్షానికి అమావాస్య. అంటే మనం 'ఎప్పుడో గానీ రాడు' అని విసుక్కునే మనిషి నిజానికి నెలకు రెండుసార్లు వచ్చిపోతున్నాడు! బ్లూ మూన్ అలా కాదు. ఇంగ్లీషు నెలలో రెండు పున్నములు పడితే రెండోదాన్ని బ్లూ మూన్ అంటారు, పున్నమికీ పున్నమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు గనక అది ఇంచుమించు రెండున్నర, మూడేళ్ళకోసారి గానీ కుదరదు. ఆ రెండో పున్నమి లెక్క కూడా పాతది కాదు. 1946లో 'స్కై అండ్ టెలిస్కోప్' పత్రికలో ఒకాయన పాత పంచాంగాల లెక్కను తప్పుగా అర్థం చేసుకుని అలా రాశాడు, అదే స్థిరపడిపోయింది, ఆ పత్రికే 1999లో పొరపాటు ఒప్పుకుంది. అప్పటికి చేతులు కాలాయి, ఆకులు పట్టుకుని ఏం లాభం, లోకమంతా రెండో పున్నమే బ్లూ మూన్ అంటోంది. నిజంగా నీలం రంగు చంద్రుణ్ణి చూసినవాళ్ళూ ఉన్నారు, 1883లో క్రాకటోవా అగ్నిపర్వతం పేలాక ఆ దుమ్ము ఆకాశంలో నిలిచి చాలాచోట్ల చంద్రుడు నీలంగా కనబడ్డాడు.

కాలేజీ రోజుల్లో జాతీయాల గురించి పెద్దగా చెప్పుకోడానికేం లేదు. డిబేట్లలో గొప్పకు వాడేవాళ్ళం, 'ది బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్', అంటే ఇక నీ వంతు అని వేలు చూపిస్తూ. అసలు రెండో బడి నాకు ఉద్యోగంలో మొదలైంది, అవతలివాళ్ళు ఫోన్లో మాట్లాడుతుంటే. పుస్తకంలో చూసినవి అక్కడ ఒక్కటీ రాలేదు, వచ్చినవేమో పుస్తకంలో లేవు. 'గివ్ మి ఎ బాల్‌పార్క్ ఫిగర్' అన్నాడు ఒకాయన. మా టీములో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉజ్జాయింపుగా ఒక అంకె చెప్పమంటున్నాడని మా సీనియర్ మ్యూట్ నొక్కి చెప్పింది. ఆవిడే నా రెండో మాస్టారు. బాల్‌పార్క్ అంటే బేస్‌బాల్ ఆడే మైదానం, అంకె అటూ ఇటూ పోయినా మైదానం దాటకపోతే చాలని ఒక నోటుపుస్తకంలో చిన్న చతురస్రం గీసి చూపించింది.

ఆ పుస్తకమే ఆవిడ ఆస్తి. పేజీకి మూడు గడులు. మొదటి గడిలో మాట, రెండో గడిలో అర్థం, మూడో గడిలో 'నిజంగా ఏమంటున్నాడు' అని. 'లెట్ మి టేక్ ఎ రెయిన్ చెక్' పక్కన రెండో గడిలో 'ఇప్పుడు వీలుకాదు, ఇంకోసారి' అని ఉంటే, మూడో గడిలో 'రాడు. మళ్ళీ అడక్కు' అని రాసి ఉండేది. ఇది కూడా బేస్‌బాల్‌దే, ఆట వానకు ఆగిపోతే ఇంకో రోజు వచ్చి చూడమని ఇచ్చే చీటీ. టికెట్టు దగ్గర అది నిజమైన హామీ, మాటల్లో ఎక్కువసార్లు మర్యాదగా తప్పించుకోవడం. మాతో పనిచేసే ఒకతను ఆ మూడో గడి చూడక, రెయిన్ చెక్ అన్న మనిషికి సోమవారం సోమవారం గుర్తుచేస్తూ మెయిల్ పెట్టేవాడు పాపం. 'నాట్ మై కప్ ఆఫ్ టీ' ఎదురుగా ఆవిడ రాసుకున్నది ఇంకా గుర్తుంది: 'అస్సలు నచ్చలేదు, కానీ నిన్ను నొప్పించదల్చుకోలేదు'. 'ఇంటరెస్టింగ్' అని ఒక్క మాటకే అరపేజీ కేటాయించింది, అది జాతీయం కాకపోయినా.

'టేబుల్' అన్న మాట దగ్గర ఒకసారి పెద్ద గలాటా జరిగింది. బ్రిటన్‌లో ఒక విషయాన్ని టేబుల్ చేయడం అంటే చర్చకు పెట్టడం, అమెరికాలో అదే మాటకు ప్రస్తుతానికి పక్కన పడేయడం అని అర్థం. ఇద్దరూ ఒకే కాల్‌లో ఉన్నారు. ఇద్దరికీ కావాల్సింది ఒకటే, ఇద్దరూ కొట్టుకుంటున్నారు. మేము మ్యూట్‌లో నవ్వాపుకుంటూ వింటున్నాం. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సరిగ్గా ఇదే మాట మీద బ్రిటిష్ వాళ్ళూ అమెరికన్లూ చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అది తర్వాత చదివినప్పుడు మా కాల్ మీద గౌరవం పెరిగింది.

అర్థం పర్థం చూస్తే నిలబడని జాతీయాలంటే నాకు మొదటినుంచీ ఎక్కువ ఇష్టం. 'బై ది స్కిన్ ఆఫ్ మై టీత్', అంటే వెంట్రుకవాసిలో తప్పించుకోవడం. పళ్ళకు చర్మం ఎక్కడుంది? అది యోబు గ్రంథంలోని మాట, పాత ఇంగ్లీషు బైబిల్ అనువాదాలతో జనం నోళ్ళలోకి వచ్చింది. 'హెడ్ ఓవర్ హీల్స్' ప్రేమలో పడ్డాడంటారు, తల మడమల కంటే పైన ఉండటంలో వింతేముంది, అందరికీ అలాగే ఉంటుంది కదా! నిజానికి పాతరోజుల్లో 'హీల్స్ ఓవర్ హెడ్' అనేవాళ్ళు, అంటే పిల్లిమొగ్గ, వాడుకలో మాటే పిల్లిమొగ్గ వేసి తిరగబడింది.

అలా తిరగబడిన ఇంకొకటి ఏకంగా పోలీసు కేసు దాకా వెళ్ళింది. 'హ్యావ్ యువర్ కేక్ అండ్ ఈట్ ఇట్' అని ఇప్పుడు అందరూ అంటారు, అవ్వా కావాలి బువ్వా కావాలి అన్నమాట. దీని పాత వరస 'ఈట్ యువర్ కేక్ అండ్ హ్యావ్ ఇట్', తర్కం ప్రకారం అదే సరైంది, ముందు తినేసి తర్వాత దాచుకోవడమే కదా కుదరనిది. అమెరికాలో పోస్టులో బాంబులు పంపిన టెడ్ కజిన్‌స్కీ 1995లో అచ్చువేయించిన సుదీర్ఘ ప్రకటనలో ఆ పాత వరసలోనే రాశాడు. ఇంటికి రాసిన ఉత్తరాల్లో కూడా అలాగే రాశాడు. అతని తమ్ముడికి అప్పటికే రాత తీరు చూసి అనుమానం వచ్చింది, ఎఫ్‌బీఐ వాళ్ళు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు దొరికిన పోలికల్లో ఈ కేక్ ఒకటి. 1996లో పట్టుకున్నారు. ఇది మాస్టారికి తెలిసుంటే ఆ పీరియడు ఎలా నడిచేదో ఊహించుకుంటూ ఉంటాను. బల్ల మిగిలేది కాదు.

ఇప్పుడు మా మేనకోడలు ఉంది, ఇంగ్లీషులోనే పెరిగిన పిల్ల. దానికి 'బ్రోకెన్ రికార్డ్' అన్న మాట తెలుసు, చెప్పిందే చెప్పేవాళ్ళని అనొచ్చని తెలుసు, రికార్డు విరిగితే పాట ఆగిపోవాలి గానీ మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తుందని నన్నడిగింది. రికార్డు మీద గీత పడితే ముల్లు అక్కడ తట్టుకుని వెనక్కి గెంతి, అదే ముక్క తిప్పితిప్పి పాడుతుందని చెప్పాను. ముల్లేమిటి, గీతేమిటి, ఇంకో అరగంట పట్టింది. మెయిల్లో 'సీసీ' అంటే కార్బన్ కాపీ అని చెప్తే కార్బన్ పేపరు ఎలా ఉంటుందో ఫోన్లో వెతికి చూసుకుంది. ఫోను 'హ్యాంగ్ అప్' చేయడం దేనికి తగిలించడమో అడుగుతుందని భయపడ్డాను, అడగలేదు. వస్తువులు పోయినా వాటి మాటలు మిగులుతున్నాయి, నాకు ఈ పిల్లతో కాలక్షేపానికి అవి చాలు.

ఎదురు పాఠం కూడా నడుస్తోంది. 'లివింగ్ రెంట్ ఫ్రీ ఇన్ మై హెడ్' అంటే ఏదో ఒక విషయం పిలవకుండా వచ్చి బుర్రలో తిష్ఠ వేయడమని అది చెప్తేనే తెలిసింది. అద్దె కట్టకుండా తిష్ఠ! ఎవరు కనిపెట్టారో గానీ ఆ మనిషికి దండం పెట్టాలి. మొన్న వాళ్ళింట్లో ఏదో విషయం నా దగ్గర దాస్తున్నట్టు అనిపించి, మాస్టారి శిష్యుణ్ణి కదా, "కమాన్, స్పిల్ ది బీన్స్" అన్నాను.

"బీన్స్ ఎప్పుడో అయిపోయాయి మామయ్యా," అంది, "ఇప్పుడందరం టీ ఒలకబోస్తున్నాం."